నాలుగు జీబీల కాపురం

అటక సర్దుతుంటే చాలా ఇళ్లలో ఇప్పటికీ ఒకటి బయటపడుతుంది. లాంగ్ నోట్‌బుక్ కంటే చిన్నది, తెల్లగానో నల్లగానో ఉంటుంది, అరచేతులు ఆనే చోట సగం ఊడిన ఇంటెల్ ఆటమ్ స్టిక్కరు. అడాప్టరు వేరే ఏ కవర్లోనో ఉంటుంది, లేదంటే అసలే ఉండదు. పిల్లలు చూసి బొమ్మ లాప్‌టాప్ అనుకుంటారు. అది నెట్‌బుక్. 2007 చివరి నుంచి 2012 దాకా, ఐదేళ్ల పాటు, తక్కువ డబ్బుతో సంచిలో వేసుకుపోయే సొంత కంప్యూటరు అంటే అదే.

దాని ముందు కథ కొంత ఉంది. వంద డాలర్ల లాప్‌టాప్ అంటూ 2005లో నికొలస్ నెగ్రోపాంటే బడిపిల్లల కోసం ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఆ ధరకు అది రాలేదు గానీ, చిన్న చవక కంప్యూటరు చేయొచ్చన్న ఆలోచన మాత్రం పరిశ్రమలో నాటుకుంది. 2007 జూన్‌లో తైపీ ప్రదర్శనలో ఆసుస్ కంపెనీ వాళ్లు ‘ఈ పీసీ’ అనే చిన్న లాప్‌టాప్ చూపించారు. ఇంగ్లిష్‌లో మూడు ‘ఈ’లు, పలకడం మాత్రం ఒక్క ‘ఈ’గానే. తెలుగువాళ్ల నోట అది ‘ఈ పీసీ, ఆ పీసీ’ అన్నట్టే ఉండేది, అందుకే పేరు ఇట్టే అతుక్కుపోయింది. మన దేశంలో 2008 జనవరిలో హెచ్‌సీఎల్ వారి మైలీప్ అనే నెట్‌బుక్ 13,990 రూపాయలకు వచ్చింది. మామూలు లాప్‌టాప్‌కి ముప్పై వేలు పైన పెట్టాల్సిన రోజుల్లో ఆ అంకె పేపర్లో చూసినవాళ్లు రెండోసారి చదువుకున్నారు.

మొదటి ఈ పీసీ, అంటే 701, ఏమిటో అంకెల్లో చెప్తేనే అర్థమవుతుంది. బరువు 920 గ్రాములు. తెర ఏడంగుళాలు, 800 అడ్డం 480 నిలువు. తెరకి రెండు పక్కలా స్పీకర్లు ఉండటంతో, పెద్ద గోడకి చిన్న కిటికీ పెట్టినట్టు కనిపించేది. ప్రాసెసర్ 900 మెగాహెర్ట్జ్ సెలెరాన్ ఎమ్, కానీ కంపెనీ దాన్ని 630 దగ్గరే నడిపేది. ర్యామ్ 512 ఎంబీ. డిస్కు 4 జీబీ, అది కూడా బోర్డుకి అతికించేసిన ఫ్లాష్. సీడీ డ్రైవు లేదు. మూడు యూఎస్‌బీ రంధ్రాలు, ఒక ఎస్‌డీ కార్డు గాడి, టీవీకో ప్రొజెక్టర్‌కో పెట్టుకోవడానికి వీజీఏ.

ఆ నాలుగు జీబీల్లో కాపురం చేయడమే అసలు విద్య. దాంట్లో విండోస్‌కి బదులుగా వచ్చిన శాండ్రోస్ లినక్స్ అనే సిస్టమ్ డిస్కుని రెండు ముక్కలు చేసి కూర్చుంది. మొదటి ముక్క సుమారు 2.3 జీబీ, అందులో సిస్టమ్. అది చదవడానికే, రాయడానికి వీల్లేదు. రెండోది మిగిలిన జీబీన్నర లోపు, అది మనది. ఈ రెంటినీ యూనియన్ఎఫ్ఎస్ అనే పద్ధతిలో ఒకదాని మీద ఒకటి పరిచి ఒకే డిస్కులా చూపించేవాళ్లు. కింద చాప, పైన దుప్పటి అనుకోండి. మనం ఏం మార్చినా దుప్పటి మీదే మారుతుంది.

దీనివల్ల ఒక మంచీ ఒక చెడూ ఉండేవి. మంచి ఏమిటంటే, ఏదైనా పాడుచేసుకుంటే ఆన్ చేసేటప్పుడు ఎఫ్9 నొక్కి పాత స్థితికి తెమ్మంటే చాలు, దుప్పటి తీసేసి మళ్లీ కొన్న రోజు నాటికి వచ్చేది. చెడు ఏమిటంటే, అక్కర్లేని ప్రోగ్రాములు తీసేసినా జాగా ఖాళీ అయ్యేది కాదు. తీసేశాం అన్న గుర్తు దుప్పటి మీద పడుతుంది, అసలు ఫైలు కింద చాపలో అలాగే ఉంటుంది. సిస్టమ్ అప్‌డేట్లు చేస్తే మరీ అన్యాయం: పాతది కింద, కొత్తది పైన, రెండూ జాగా తినేవి. అప్‌డేట్లు నొక్కుతూ పోయినవాళ్లకి నెల తిరక్కుండా ‘డిస్కు నిండింది’ అని వచ్చేది. ఈ సంగతి తెలియక మెషీను చెడిపోయిందనుకుని పక్కన పెట్టేసినవాళ్లు ఎంతమందో. డౌన్‌లోడ్ చేసిన ప్యాకేజీల గోదాము ఖాళీ చేయడం, బ్రౌజర్ చూసిన పేజీలు దాచుకునే నిల్వని, అంటే క్యాష్‌ని, 10 ఎంబీకి కుదించడం, ఫొటోలూ పాటలూ ఎస్‌డీ కార్డు మీదికి తోయడం – ఈ మూడూ వారానికోసారి ఇల్లు ఊడ్చినట్టు చేసుకోవాల్సినవి.

ఎస్‌డీ కార్డు విషయంలో ఒక మాట. జాగా చాలక యూజర్ ఫోల్డరు మొత్తాన్నీ కార్డు మీదికి మార్చేసినవాళ్లు ఉన్నారు. మూత వేసి నిద్రపుచ్చి మళ్లీ తెరిస్తే సిస్టమ్‌కి ఆ కార్డు తీసి మళ్లీ పెట్టినట్టు కనిపించేది, అంతవరకూ తెరిచి ఉన్న ఫైళ్లన్నీ గాల్లో వేలాడేవి. అందుకే కార్డు మీద పత్రాలూ పాటలే ఉండాలి, సెట్టింగులు లోపలి డిస్కులోనే ఉండాలి.

2008 జూన్‌లో ఇంటెల్ ఆటమ్ ఎన్270 వచ్చాక బజారు మారిపోయింది. 1.6 గిగాహెర్ట్జ్, ఒకే కోరు, రెండున్నర వాట్ల వేడి. దాని పక్కనున్న 945 చిప్‌సెట్టే ప్రాసెసర్ కంటే ఎక్కువ కరెంటు తాగేది. ఫ్యాను గోల అంతా చాలావరకు దాని వల్లే. ఏసర్ ఆస్పైర్ వన్, ఎమ్ఎస్ఐ విండ్, లెనోవో ఎస్10, శాంసంగ్ ఎన్‌సీ10, ఆసుస్ 1000హెచ్ – పేర్లు వేరైనా లోపల సరుకు దాదాపు ఒకటే. అదే ప్రాసెసరు, అదే చిప్‌సెట్టు, 1024 అడ్డం 600 తెర, 1 జీబీ ర్యామ్. అందుకే కొనేవాళ్లు చూడాల్సింది కీబోర్డు, బ్యాటరీ, మూత బిజాగరీలు. ఈ మూడింట్లోనే ఒకదానికీ ఇంకోదానికీ తేడా. ఆ మూడూ కలిపి చూస్తే ఎన్‌సీ10కి సాటి లేదని నా అభిప్రాయం. కొట్టడానికి హాయిగా ఉండే మీటలు, ఆరు సెల్‌ల బ్యాటరీ, మెరుపు లేని తెర.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల బజారుగా మనందరి సీటీసీ, ఆ రోజుల్లో వీటితో నిండిపోయింది. కింది అంతస్తులో ఒక ధర, పైకి వెళ్తే ఇంకో ధర. లినక్స్ ఉన్నదైతే పదిహేను వేలకు అటూ ఇటూ, విండోస్ ఎక్స్‌పీ, హార్డ్‌డిస్కు ఉన్నదైతే ఇరవై వేల దాకా. ‘లినక్స్‌ది తీసుకో, ఎక్స్‌పీ మేమే ఎక్కించిస్తాం’ అనేది అక్కడ రోజూ వినపడే మాట. అలా ఎక్కించిన దొంగ కాపీ అప్‌డేట్లన్నీ తీసుకునేది కాదు, ఆరు నెలల్లో పెన్‌డ్రైవ్ వైరస్‌లతో ముక్కుతూ మూలిగేది. డబ్బులు చాలనివాళ్లకి లినక్స్‌ని లినక్స్‌లాగే వాడుకోవడం నయం.

కొట్లోనే చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉండేవి. తెర మొత్తం తెల్లగా ఒకసారి, నల్లగా ఒకసారి చేసి చచ్చిన చుక్కలు వెతకాలి. ప్రతి మీటా ఒకసారి నొక్కాలి. మూతని 45 డిగ్రీల దగ్గర వదిలేసి నిలబడుతుందో పడిపోతుందో చూడాలి. పడిపోతే బిజాగరీ వదులు, ఏడాది తిరిగేసరికి తెర కేబులు నలిగి మినుకు మినుకు మంటుంది. లినక్స్ వాడే ఉద్దేశం ఉంటే ప్రాసెసర్ పేరు తప్పకుండా చూడాలి. ఎన్ అక్షరంతో మొదలయ్యే ఎన్270, ఎన్280 అయితే ఫరవాలేదు. జెడ్520, జెడ్530 అని ఉంటే వాటితో జీఎంఏ 500 అనే గ్రాఫిక్స్ వస్తుంది. దానికి లినక్స్‌లో సరైన డ్రైవరే ఉండేది కాదు, తెర సాగదీసిన ఫొటోలా కనిపించేది. అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పేవాళ్లు కాదు. చాలామందికి తెలియదు కూడా.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకోవడం ఇంకో దారి. మూడు నాలుగు వందల డాలర్లలో దొరికేవి, సూట్‌కేసులో బట్టల మధ్య ఇమిడిపోయేవి. అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి మన కరెంటుతో ఇబ్బంది లేదు, ప్లగ్గు మార్చుకుంటే చాలు. వారంటీ మాత్రం చాలాసార్లు అక్కడిదే, ఇక్కడ చెల్లేది కాదు.

అడాప్టర్ అనగానే గుర్తొచ్చే ప్రమాదం ఒకటుంది. ఈ పీసీ 701కి 9.5 వోల్టులు కావాలి. 900, 1000హెచ్‌లకి 12 వోల్టులు, 3 ఆంపియర్లు. తర్వాత వచ్చిన 1005హెచ్ఏకి 19 వోల్టులు. ఏసర్ ఆస్పైర్ వన్‌కి 19 వోల్టులు, 1.58 ఆంపియర్లు. ఒకే కంపెనీ, ఒకే నల్ల డబ్బా, పిన్ను కూడా దూరుతుంది కదా అని పెట్టేస్తే బోర్డు పోతుంది. ఇప్పుడు అటక మీంచి దించినా సరే, ముందు మెషీను అడుగున రాసి ఉన్న వోల్టేజీ, అడాప్టరు మీద రాసి ఉన్న అవుట్‌పుట్ వోల్టేజీ రెండూ ఒకటో కాదో చూడాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఏమీ కాదు, వోల్టులు మాత్రం సరిపోవాలి.

బ్యాటరీ లెక్క సులువు. మూడు సెల్‌లది 11.1 వోల్టులు, 2200 మిల్లీఆంప్ అవర్లు, గుణిస్తే సుమారు 24 వాట్ అవర్లు. మెషీను పది వాట్లు తింటే దాదాపు రెండున్నర గంటలు. ఆరు సెల్‌లదైతే దానికి రెట్టింపు. తెర వెలుగు సగానికి తగ్గిస్తే, వైఫై ఆపేస్తే ఒకటి రెండు వాట్లు మిగిలేవి, అంటే ఇంకో అరగంట. కరెంటు కోతల వేసవిలో ఆ అరగంట విలువ తెలియనివాళ్లు లేరు. డెస్క్‌టాప్ ఉన్న ఇంట్లో కరెంటు పోతే యూపీఎస్ ‘కీ కీ’ మంటూ పది నిమిషాలే నిలిచేది. నెట్‌బుక్ ఉన్న ఇంట్లో పిల్లాడు దాని వెలుగులోనే ప్రాజెక్టు రిపోర్టు పూర్తి చేసుకునేవాడు.

ర్యామ్ పెంచడం కొన్న మొదటి నెలలో జరగాల్సిన ముహూర్తం. ఈ పీసీ 701 అడుగున చిన్న తలుపు, రెండు స్క్రూలు. ఒక స్క్రూ మీద వారంటీ స్టిక్కరు. తలుపు తీస్తే 200 పిన్నుల డీడీఆర్2 మాడ్యూలు ఒకటి. ముందు బ్యాటరీ తీసేయాలి, ఇనప కిటికీ ఊచో బీరువానో ఒకసారి ముట్టుకుని చేతిలో స్థిర విద్యుత్తు పోగొట్టుకోవాలి. రెండు పక్కలా ఉన్న చిన్న కొక్కేలు బయటికి లాగితే మాడ్యూలు దానంతటదే పైకి లేస్తుంది. కొత్తది 30 డిగ్రీల వాలుతో గాట్లోకి దూర్చి, కిందికి నొక్కితే ‘టిక్’మంటుంది. రెండు వైపులా ‘టిక్’మనాలి. ఒక వైపే అంటే తెర నల్లగా ఉండిపోతుంది, మెషీను చచ్చిపోయిందని గుండె ఆగినంత పనవుతుంది. తీసి మళ్లీ పెట్టడమే. అయితే 2 జీబీ మాడ్యూలు వేసినా దాంతో వచ్చిన శాండ్రోస్ 1 జీబీ మాత్రమే చూసేది, ఎందుకంటే దాని గుండెకాయ లాంటి ప్రోగ్రాముని, అంటే కెర్నల్‌ని, అలా కట్టారు. రెండూ కనపడాలంటే కెర్నల్ మార్చాలి, లేదా వేరే లినక్స్ ఎక్కించాలి.

ఆస్పైర్ వన్ మొదటి మోడల్లో ఇంత సులువు లేదు. అందులో ర్యామ్ గాడి మదర్‌బోర్డు అవతలి ముఖాన ఉండేది. అడుగు స్క్రూలు, కీబోర్డు, పై మూత, తర్వాత బోర్డు, అన్నీ వరసగా ఊడదీస్తే గానీ అందదు. ఊడదీసేటప్పుడు ఒక తెల్ల కాగితం మీద మెషీను బొమ్మ గీసుకుని, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే సెల్లో టేపుతో అంటించుకున్నవాళ్లే చివరికి ఒక్క స్క్రూ కూడా మిగల్చకుండా బిగించగలిగారు. కీబోర్డు, టచ్‌ప్యాడ్‌ల పల్చటి రిబ్బన్ కేబుళ్లని పట్టి లాగకూడదు. వాటిని పట్టుకున్న చిన్న ప్లాస్టిక్ గొళ్లెం గోటితో ఎత్తాక రిబ్బను దానంతటదే జారి వస్తుంది.

ఈ మోడల్‌కే ఇంకో పేరుమోసిన జబ్బు. ఒక రోజు ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. చాలాసార్లు అది బయాస్, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాము, చెడిపోవడం. బోర్డు మార్చాలని రిపేరు షాపులో ఏడెనిమిది వేలు చెప్పేవాళ్లు. నిజానికి పైసా ఖర్చు లేని వైద్యం ఉంది. పాత చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. కంపెనీ సైట్‌లో దొరికే బయాస్ ప్యాకెట్టులోంచి ఫ్లాష్‌ఇట్ ప్రోగ్రామునీ, బయాస్ ఫైలునీ అందులో వేయాలి. ఫోల్డర్లో కాదు, బయటే. బయాస్ ఫైలు పేరు జెడ్‌జీ5ఐఏ32, చుక్క, ఎఫ్‌డీ అని మార్చాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా పని జరగదు. బ్యాటరీ, అడాప్టరు రెండూ పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఎఫ్ఎన్ మీటా ఎస్కేప్ మీటా కలిపి నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కాలి. కొన్ని క్షణాలాగి మీటలు వదిలేస్తే పవర్ లైటు మిణుకుతూ ఉంటుంది. అప్పుడు పవర్ బటన్ ఒక్కసారి నొక్కాలి. పెన్‌డ్రైవ్ లైటు కొట్టుకోవడం మొదలవుతుంది. ఇక చేతులు కట్టుకుని కూర్చోవాలి. రెండు మూడు నిమిషాల్లో మెషీను దానంతటదే ఆగి మళ్లీ లేస్తుంది. ఈ మధ్యలో కరెంటు పోకూడదనే బ్యాటరీ కూడా పెట్టమనేది. నల్ల తెర మీద ఏసర్ అన్న పేరు మళ్లీ వెలిగినప్పుడు కలిగే సంతోషం కొత్త మెషీను కొన్నా రాదు.

సీడీ డ్రైవు లేని మెషీను కాబట్టి ఏది ఎక్కించాలన్నా పెన్‌డ్రైవే దిక్కు. లినక్స్‌కి, పెన్‌డ్రైవ్‌ని సీడీలా పనిచేయించే అన్‌నెట్‌బూటిన్ అనే ప్రోగ్రాము, 1 జీబీ పెన్‌డ్రైవు చాలేవి. ఆన్ చేసిన వెంటనే ఈ పీసీలో ఎస్కేప్, ఏసర్‌లో ఎఫ్12. ఏసర్‌లో ముందు ఎఫ్2తో బయాస్‌లోకి వెళ్లి ఎఫ్12 మెనూని అనుమతించాలి. ఎక్స్‌పీ ఎక్కించడం మాత్రం మొండి వ్యవహారం, ఎందుకంటే అది సీడీ కోసం పుట్టింది. నీలి తెర మీద ఫైళ్లు కాపీ అయ్యే మొదటి దశ, తర్వాత రంగుల తెర మీద రెండో దశ. మొదటి దశ అవగానే ‘అయిపోయింది కదా’ అని పెన్‌డ్రైవ్ పీకేస్తే హాల్ డీఎల్ఎల్ లేదంటూ ఆగిపోయేది. డెస్క్‌టాప్ మొదటిసారి కనపడేదాకా పెన్‌డ్రైవ్ ముట్టుకోకూడదు, అంతే రహస్యం.

ఫ్లాష్ డిస్కు ఉన్నవాటికి రాతలు తగ్గించడం మరో శ్రద్ధ. అప్పటి చవక ఫ్లాష్‌లు చదవడంలో చురుకే, చిన్న చిన్న ఫైళ్లు రాయమంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. బ్రౌజర్ ఒక్కో క్లిక్కుకీ క్యాష్ రాస్తుంది, అందుకే పేజీ తిప్పితే మెషీను మొత్తం రెండు క్షణాలు కొయ్యబారేది. క్యాష్‌ని ర్యామ్‌లోకి మార్చి, లినక్స్‌లో డిస్కుని సిస్టమ్‌కి తగిలించే (మౌంటు చేసే) సెట్టింగులో నోఎటైమ్ అనే మాట చేరిస్తే, ఫైలు చదివిన ప్రతిసారీ సమయం రాసుకునే అలవాటు పోతుంది. ఈ రెండు మార్పులతో మెషీను తేలికపడేది. వేగం కోసం కొత్త ప్రాసెసర్ కావాలని వాపోయినవాళ్ల బాధ చాలాసార్లు ఈ రాతల దగ్గరే ఉండేది.

ఇక తెలుగు. ఇదే మనకి అసలైన సంగతి.

ఎక్స్‌పీలో తెలుగు పెట్టెలోనే ఉంది, తలుపు మూసి ఉంది. కంట్రోల్ ప్యానెల్లో రీజనల్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజెస్ పేజీ, అక్కడ కాంప్లెక్స్ స్క్రిప్టుల పక్కన టిక్కు. 10 ఎంబీ కావాలి అంటుంది. దాని కింద చైనా, జపాన్ భాషల టిక్కు 230 ఎంబీ అడుగుతుంది. నాలుగు జీబీల ఇంట్లో పొరపాటున దాన్ని నొక్కినా భారమే. టిక్కు పెట్టగానే సీడీ వేయమనేది. సీడీ డ్రైవే లేదు! వేరే కంప్యూటర్లో ఎక్స్‌పీ సీడీలోని ఐ386 ఫోల్డరుని ఎస్‌డీ కార్డు మీదికి కాపీ చేసుకుని, దారి అక్కడికి చూపిస్తే సరిపోయేది. ఆ తర్వాత గౌతమి ఫాంటుతో తెలుగు పేజీలు తెరుచుకునేవి. పోతన, వేమన ఫాంట్లు దించుకున్నవాళ్లకి కళ్లకి ఇంకా హాయి.

లినక్స్‌లో చిక్కు వేరు. ఫాంటు ఉన్నా, పాత ఫైర్‌ఫాక్స్ 2లో అక్షరాల పొందికని పాంగో అనే భాగానికి అప్పగించకపోతే వత్తులు విడిపోయేవి. ‘అమ్మ’ అన్న మాట ‘అమ్‌మ’ అని కనిపించేది. ప్రోగ్రాము మొదలయ్యే చోట పాంగోని వాడమని ఒక వరస చేరిస్తే వత్తు తన చోటికి వచ్చి కూర్చునేది. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చాక ఈ బాధ తీరింది.

టైపింగ్‌కి, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు చూపించే లేఖిని సైటు ఉండనే ఉంది. నెట్ లేనప్పుడు లినక్స్‌లో స్కిమ్, తర్వాత ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాములు, వాటిలో ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి. ఇక్కడే 701 కీబోర్డు చేసిన అన్యాయం చెప్పుకోవాలి. కుడి షిఫ్టుని చిన్నది చేసి పై బాణం మీటకి అవతల పెట్టారు. ఆర్‌టీఎస్‌లో ‘ట’కి క్యాపిటల్ టీ, ‘డ’కి క్యాపిటల్ డీ. రెండూ ఎడమచేతి అక్షరాలు, కాబట్టి టైపింగ్ నేర్చినవాళ్ల కుడి చిటికెన వేలు షిఫ్టు కోసం పోతుంది, బాణం మీద పడుతుంది. కర్సరు పై వరసలోకి ఎగురుతుంది, ‘పాట’లో పా కింద ఉండిపోతే ‘ట’ బదులు ‘త’ పై వరస మధ్యలో దిగుతుంది. ఇంగ్లిష్ కొట్టేవాళ్లకి ఇది వాక్యానికో సారి చిరాకు. తెలుగులో మాటమాటకీ ట, డలు ఉన్నాయి కదా, ప్రతి వరసలోనూ తగిలేది. మందు ఉంది: లినక్స్‌లో ఎక్స్‌మోడ్‌మ్యాప్‌తో, ఎక్స్‌పీలో షార్ప్‌కీస్‌తో ఆ రెండు మీటల పనులు అటుదిటు చేసేయడం. పై బాణం కొంచెం దూరమవుతుంది, ‘ట’ మాత్రం ఇంటికి వస్తుంది.

తెర నిలువు 600 గీతలే కావడం కూడా తెలుగుని ఎక్కువ నొప్పించింది. మన లిపికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. ‘రాష్ట్రం’ అన్న మాట ఎంత లోతు దిగుతుందో చూడండి. ఇంగ్లిష్ పాతిక వరసలు పట్టే చోట తెలుగు పదహారు పదిహేడే పడతాయి. 10 పాయింట్లకి తగ్గిస్తే రెండు వత్తులూ కలిసి ఒక మచ్చగా మారతాయి, ష్టకీ ష్ఠకీ తేడా తెలియదు. ఫాంటు 14కి పెంచి, టూల్‌బార్లన్నీ ఒకే వరసలోకి కుదించి, ఎఫ్11తో తెరంతా పేజీకే ఇచ్చేస్తే చదువుకోవడానికి హాయిగా ఉండేది. సెట్టింగుల కిటికీలు తెర కంటే పొడుగై ‘ఓకే’ బటను కింద మునిగిపోతే, లినక్స్‌లో ఆల్ట్ నొక్కి పట్టుకుని మౌసుతో కిటికీని పైకి లాగేయొచ్చు.

నెట్‌కి డాంగిల్, అంటే యూఎస్‌బీలో గుచ్చే చిన్న మోడెమ్. టాటా ఫొటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ లాంటి సీడీఎంఏవి, తర్వాత 3జీ. గుచ్చగానే అది ముందు సీడీ డ్రైవులా వేషం వేసుకుని వస్తుంది, అందులో విండోస్ డ్రైవర్లుంటాయి. లినక్స్‌లో యూఎస్‌బీ మోడ్‌స్విచ్ దానికి ‘నువ్వు మోడెమ్‌వి’ అని గుర్తుచేస్తే గానీ అసలు రూపం చూపించదు. తర్వాత డయల్ నంబరు: సీడీఎంఏ వాటికి #777, జీఎస్ఎమ్ వాటికి *99#.

2010లో ఐప్యాడ్ వచ్చింది, తర్వాత చవక ఆండ్రాయిడ్ పలకలు వచ్చాయి, 2013 వచ్చేసరికి నెట్‌బుక్ అన్న మాటే కొట్లలో వినపడ్డం మానేసింది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు ఆగింది. అప్పటి ఎన్270 మెషీన్లు 32 బిట్లవి, కాబట్టి క్రోమ్ బ్రౌజర్ 2016లో లినక్స్ మీద వాటిని వదిలేసింది, ఉబుంటు కుటుంబం లినక్స్‌లూ ఒక్కొక్కటిగా వదిలేశాయి. డెబియన్ అనే లినక్స్‌లో 12వ కూర్పు దాకా 32 బిట్లకి ఇన్‌స్టాలర్ ఉంది, ఆంటిఎక్స్, పప్పీ అనే తేలికపాటి లినక్స్‌లూ వాటి కోసం కూర్పులు ఇచ్చాయి.

అందుకే అటక మీంచి దించినదాన్ని పారేయక్కర్లేదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే ముందు తీసి పక్కన పెట్టాలి. చాలా నెట్‌బుక్‌లు అడాప్టరు ఒక్కదానితోనే నడుస్తాయి. హార్డ్‌డిస్కు ఉన్న మోడళ్లలో చాలావాటికి రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ నేరుగా పడుతుంది. అన్నీ బాగుండి బ్రౌజర్ ఏ పేజీ తెరిచినా ‘సురక్షితం కాదు’ అంటే, మూల మీద గడియారం చూడండి. లోపలి నాణెం బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది, అందుకే సైట్ల సర్టిఫికెట్లు అన్నీ దానికి దొంగవిగా కనిపిస్తాయి. తేదీ సరిచేస్తే సగం సైట్లు తెరుచుకుంటాయి, మిగతా సగానికి కొత్త బ్రౌజర్ కావాలి.

డిస్కులో పాత తెలుగు ఫైళ్లు దొరికితే, తుడిచేసే ముందు అన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్ మీదికి తీసుకోండి. యూనికోడ్‌లో కొట్టినవైతే ఈ రోజు ఫోన్లోనైనా అలాగే చదువుకోవచ్చు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టినవైతే ఇంగ్లిష్ గుర్తుల కుప్పలా కనిపిస్తాయి. అవి చెడిపోలేదు, కన్వర్టర్‌లో వేస్తే యూనికోడ్‌లోకి వస్తాయి. వచ్చాక పొల్లులూ వత్తులూ ఒకసారి కళ్లతో సరిచూసుకోవాలి, ముఖ్యంగా క్ష ఉన్న చోట్లా, రెండు వత్తులు పడ్డ చోట్లా.